నడుముకు కట్టిన ఆయిల్ డబ్బా

గనుల ఆస్పత్రిలో నేను పనిచేసినన్నాళ్ళూ నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అందరికీ నేను "కరెంటు మేడమ్"ని. ఫిజియోథెరపిస్టు అనే మాటకు నోరు తిరగక కాదు, నా గదిలో అడుగు పెట్టగానే వాళ్ళ కళ్ళు పడేది కరెంటు మిషన్ మీద కాబట్టి. టిప్పర్ డ్రైవర్లు, డంపర్ నడిపేవాళ్ళు నడుం పట్టుకుని వచ్చి, "మేడమ్, స్వల్ప కరెంటు పెట్టండి, బేగ పోవల్ల, డ్యూటీ ఉండాది" అనేవాళ్ళు. ఎక్కడ నొప్పి, ఎందుకు నొప్పి అని అడిగితే చిరాకు. కరెంటు పెడితే చాలు, అరగంట నిద్రపోయి వెళ్ళేవాళ్ళు. అలా నా సర్వీసులో సగం నడుములతోనే గడిచిపోయింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి, మీరు చూసిన గొప్ప కేసు ఏది మేడమ్ అని అడుగుతుంటారు. నడవలేనివాడిని నడిపించాననో, మంచం పట్టినవాడిని లేపి కూర్చోబెట్టాననో చెప్తానని ఆశ. అలాంటివి లేకపోలేదు. కానీ నాకు గర్వంగా తలెత్తుకునేలా చేసింది జబ్బు మనిషి కాదు, ఒంటి మీద ఈగ వాలితే జారిపోయేంత ఆరోగ్యంగా ఉన్న ఒక పదిహేనేళ్ళ ఈత పిల్ల. ఆమె సంగతే చెప్తాను, కాఫీ తాగుతూ వినండి.

సండూరు కొండల్లో ఎర్రరాయికి, అంటే ఇనుప ఖనిజానికి, ఎక్కడలేని గిరాకీ వచ్చిన కాలం అది. రాత్రీ పగలూ లోడు లారీలు. రోడ్డు పక్క చెట్ల ఆకులు అసలు ఏ రంగో మరిచిపోయాం. నిన్నటిదాకా వరి నాటినవాళ్ళు అప్పు చేసి టిప్పర్లు కొన్నారు. ఉన్నట్టుండి అందరి చేతుల్లో బండి తాళాలు, సెల్‌ఫోన్లు. మా గనుల కంపెనీ టౌన్‌షిప్‌లో ఆఫీసర్ల కోసం కట్టిన పెద్ద ఈతకొలను ఒకటుండేది. పొద్దున్నే దాని మీద ఎర్రటి మీగడ కట్టి ఉండేది, దాన్ని వల వేసి తీశాకే పిల్లలు దిగాలి. ఇంత డబ్బు ఆడుతుంటే మన పిల్లలకు ఈతలో రాష్ట్రస్థాయి మెడల్ ఎందుకు రాకూడదని పైవాళ్ళకు ఒకరోజు బుద్ధి పుట్టింది. కోచ్‌ని వేశారు.

ఆయన మిలిటరీలో ఈదినవాడు. ఇంట్లో కన్నడం, బయట మా తెలుగు, కోపం వస్తే హిందీ. మనిషి వెన్న, మాట మాత్రం కరుకు. ఆయన శిక్షణ పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు: ఈదు, ఇంకా ఈదు, ఏడవకుండా ఈదు. ఏ పిల్లకైనా భుజం నొప్పి అంటే నా దగ్గరికి తోలేవాడు. నా పని కరెంటు పెట్టి తిరిగి పంపడం. కొన్నాళ్ళకు నాకు అనుమానం వచ్చింది. ఒకే కొలనులో, ఒకే కోచ్ దగ్గర, ఒకే రకం నొప్పులు వరసబెట్టి వస్తున్నాయంటే ఎక్కడో ఏదో తేడా ఉంది. అయినా ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికుంది.

అలా వచ్చిన వాళ్ళలో ఒకతె ఈ పిల్ల. కంప్లి పక్కన ఎమ్మిగనూరులో వరి పండించే రైతు కూతురు. తండ్రి టిప్పర్లు కొని, వ్యాపారం కోసం మా టౌన్‌షిప్ పక్కనున్న తారానగర్‌కు కాపురం మార్చాడు. పిల్ల పుట్టి పెరిగింది కాలువ గట్టున, నీళ్ళంటే భయం లేదు. మా కొలనులో రెండు వందల మీటర్ల పందెం పెడితే మొదటి సగం ఆమెను అందుకునేవాళ్ళు లేరు. రెండో సగంలో ఏమయ్యేదో ఏమో, ఒక్కొక్కరే దాటిపోయేవాళ్ళు. చివరికి ఆఖరున వచ్చి గట్టు పట్టుకునేది. రాష్ట్ర పోటీకి ఆ పందెంలో మా తరఫున ఒక్కరికే చోటు. కోచ్ తీర్పు చెప్పేశాడు: ఈ పాపకు ఒంట్లో బలముంది గానీ గుండె లేదు, పక్కన ఎవరైనా వస్తే బెదిరిపోతుంది. ఆ చోటు ఒక ఇంజనీరు గారి అమ్మాయికి ఇద్దామని అనుకుంటున్నాడని కూడా అందరికీ తెలిసిపోయింది.

నా గదిలో బల్ల మీద పడుకుని, భుజానికి మిషన్ తగిలించుకుని, ఆ పిల్ల పైకప్పు చూస్తూ చెప్పింది.

"నేను భయపడల్యా మేడమ్. సార్ అందరి ముందర అట్ల అంటాండాడు. సగం అయినంక ఒళ్ళు బరువైతాది. ఎవరో కింద నుంచి నడుం పట్టుకోని గుంజినట్ల ఉంటాది. చేతులు యెంత ఆడిచ్చినా ముందుకు పోను."

నడుం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. భుజం నొప్పికి వచ్చిన పిల్ల నడుం గురించి ఎందుకు మాట్లాడుతోంది? లేచి కూర్చోమన్నాను. ఆరోజు ఆమెకు కరెంటు పెట్టడం ఆపేశాను.

అప్పటికి కొత్తగా ఒక శిక్షణకు వెళ్ళి వచ్చి ఉన్నాను. ఆటగాళ్ళకు నొప్పి వచ్చాక చూడటం కాదు, నొప్పి రాకముందే వాళ్ళు ఎలా వంగుతున్నారు, ఎలా లేస్తున్నారు, ఏ వైపు ఒరుగుతున్నారు అని కదలికలను పరీక్షించాలని అక్కడ నేర్పారు. ఇప్పుడు మీరు ఫోన్లో వీడియో తీసి గీతలు గీసి చూపిస్తారు. నా దగ్గర ఉన్నవి ఒక చీపురుకట్ట కర్ర, ఒక స్టీలు గ్లాసు. కోచ్‌ని బతిమాలి, ఒక పొద్దున ఈత పిల్లలందరినీ కొలను వరండాలో నిలబెట్టాను. కర్ర రెండు చేతులతో తల పైకి ఎత్తి గుంజీ తీయమన్నాను. వీపు వెనక చేతులు కలపమన్నాను. పుషప్ తీయించాను. చివరికి చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి ఉండమని, నడుం మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి, కుడి చెయ్యీ ఎడమ కాలూ ఒకేసారి చాచమన్నాను. తర్వాత ఆ వైపూ ఈ వైపూ మార్చి.

కోచ్ గోడకు ఆనుకుని చూస్తున్నాడు. "ఏమ్మా, ఇది ఈత నేర్పే జాగానా, కాఫీ హోటలా?" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఇంజనీరు గారి అమ్మాయి గ్లాసు కదల్లేదు. మన పిల్ల చేతులు చూస్తే ముచ్చటేసింది, భుజాలు బాగా తిరుగుతున్నాయి, కాళ్ళలో బలం ఉంది. గ్లాసు పెట్టి చెయ్యి చాచగానే నడుం దిగబడి గ్లాసు దొర్లింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ దొర్లింది. పుషప్ తీస్తే ఛాతీ ముందు లేచింది, నడుం ఉయ్యాలలా కిందే ఉండి తర్వాత వచ్చింది. పక్కటెముకల కింద నుంచి తుంటి దాకా ఒళ్ళంతా చుట్టి పట్టుకునే కండరాలుంటాయి. మీరు కోర్ అంటారు. ఆమెకు అవి నిద్రపోతున్నాయి. వాటి పని కూడా భుజాలే చేస్తున్నాయి, అందుకే నొప్పి.

కోచ్‌కు అర్థమయ్యే భాషలో చెప్పాను. "సార్, ముందర ఇంజన్ బాగుంది, వెనక ట్రాలీ బాగుంది, మధ్యలో కొక్కెం వదులైంది. గుండె లేకపోవడం కాదు."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "ఆయ్తమ్మా, సరే. కొన్ని వారాలు నీ పద్ధతి చూస్తా. తర్వాత ట్రయల్ పెడతా. అందులో ఎవరు ముందొస్తే వాళ్ళే పోతారు. మళ్ళా నన్ను అనొద్దు."

ఆ వారాలు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఈత తగ్గించి, రోజూ వరండాలో కసరత్తు చేయించాను. ఇంట్లో కూడా చేయమన్నాను. గ్లాసులన్నీ సొట్టలు పడ్డాయని వాళ్ళమ్మ కబురు పంపింది. అయినా పిల్ల పట్టు వదల్లేదు. మొదట గ్లాసు దొర్లడం తగ్గింది, తర్వాత నీళ్ళు తొణకడం కూడా ఆగింది. భుజం నొప్పి పోయింది. ఆస్పత్రిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. మా పెద్ద డాక్టరు గారు నన్ను చూస్తే వేరే దారిలో వెళ్ళడం మొదలుపెట్టారు.

ట్రయల్ రోజు వచ్చింది. మొదటి సగం మామూలే, ఆమే ముందు. రెండో సగంలో తల పైకి లేచింది, నడుం కిందికి పోయింది, అందరూ దాటిపోయారు. మునుపటి కంటే ఇంకా వెనక.

కోచ్ నా వైపు తిరిగాడు. కోపంగా అన్నా బాగుండేది, జాలిగా అన్నాడు. "గ్లాసు నిలిచిందమ్మా. పాప నిలవల్యా."

నాకు తల కొట్టేసినట్టయింది. వరండాలో రాయిలా నిలిచే నడుం నీళ్ళలోకి దిగగానే ఏమవుతోంది? ఆ ప్రశ్నకు నా చదువులో జవాబు దొరకలేదు. మర్నాడు పిల్ల తండ్రి వచ్చాడు. తెల్లబట్టలు, చేతిలో టిప్పర్ తాళాలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాలవలో చేప మాదిరి ఈదుతాండె మా పాప. మీరు సగం దినాలు నీళ్ళల్లోకే దిగనీకపోతిరి. అందరూ చేరి దానికి గుండె లేదనిపిస్తిరి. రాత్రంతా యేడ్చింది. ఇంగ చాలు మేడమ్, ఈత మానిపిస్తాండా. చదువుకోని బాగుపడనీ."

ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. కానీ అలా వదిలేస్తే ఆ పిల్ల జీవితాంతం తాను పిరికిదాన్నే అనుకుంటుంది. అది నేను సహించలేకపోయాను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"అన్నా, పాపకు ఈత నేర్పింది ఎవరు?"

"ఇంగెవరు, నేనే."

"ఎట్ల నేర్పినావు?"

"అందరి మాదిరే. నడుంకు డబ్బా కట్టి కాలవలో యేస్తి."

"ఏం డబ్బా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇంజనాయిల్ డబ్బా మేడమ్. ఊర్లోకి బండ్లు, ట్రాక్టర్లు వచ్చినంక డబ్బాలకేం కరువు? చూడాలంటే ఆదివారం మా ఊరికి రాండి. పిలకాయలంతా ఆడనే ఉంటారు."

ఆదివారం కోచ్‌ని కూడా లాక్కెళ్ళాను. రానంటే రానన్నాడు, తండ్రికి మీరే నచ్చచెప్పాలి సార్ అంటే వచ్చాడు. ఎమ్మిగనూరు దగ్గర కాలువ నిండుగా పారుతోంది. ఒకవైపు వరి, ఒకవైపు చెరకు, మా ఎర్రదుమ్ము కళ్ళకు ఆ పచ్చదనం చూస్తేనే చల్లగా అనిపించింది. నీళ్ళలో పిల్లలు. ఒక్కొక్కరి నడుం మీద ఒక్కో ప్లాస్టిక్ డబ్బా, తాడుతో బిగించి. తలలు నిటారుగా పైకెత్తి, కొట్టుకొచ్చే కట్టెలూ కంపలూ చూసుకుంటూ ఈదుతున్నారు. గట్టు మీద కూర్చుని నేను చూసింది మాత్రం నడుములే. డబ్బా పైనుంచి లాగి పట్టుకుని ఉంది, దాని కింద పొట్ట వదులుగా వేలాడుతోంది. నడుం చేయాల్సిన పని డబ్బా చేసిపెడుతోంది.

కోచ్ కూడా ఆ డబ్బాలనే చూస్తున్నాడు. తర్వాత తండ్రి వైపు తిరిగాడు.

"చూడప్పా, మా ఊర్లో బావిలో నాకు మా అన్న నేర్పినాడు. డబ్బా కాదు, బెండ్లు. ఎండిన తేలిక కట్టెలు, ఒక కట్టగా నడుంకు కట్టేవాళ్ళు. ఒంటికి ఈత అలవాటైతా ఉంటే ఒక్కో బెండు తీసేస్తా వచ్చినాడు మా అన్న. ఆఖరు బెండు యెప్పుడు తీసినాడో నాకు తెలియనే తెలియదు."

"ఇప్పుడు బెండ్లు యాడ దొరకతాయప్పా," అన్నాడు తండ్రి.

"మరి డబ్బా ఎట్ల తీసినారు?"

"తీయల్యా. ఒక దినం తాడు తెగిపోయి డబ్బా కొట్టుకపాయ. పాప తల పైకెత్తి, కాళ్ళు తపతపా కొట్టుకోని గట్టుకొచ్చింది. ఆ పొద్దుటి నుంచి డబ్బా లేకుండానే ఈదుతాండాది." చెప్తుంటే ఆయన మొహంలో గర్వం.

నాకు అంతా అర్థమైంది. ఒక్కో బెండు తీస్తూ వస్తే, పోయిన బెండు పని నడుం కొంచెం కొంచెంగా నేర్చుకుంటుంది. డబ్బాకు ఆ మధ్య మెట్లు లేవు. ఉంటే ఉంది, పోతే పోయింది. బండ్లు వచ్చి ఊరికి డబ్బాలు తెచ్చాయి, బెండ్లతో పాటు ఆ ఓపిక కూడా పోయింది. అలసట రాగానే పిల్ల ఒళ్ళు డబ్బా తాడు తెగిన ఆ రోజుకు వెళ్ళిపోతోంది: తల పైకి, నడుం కిందికి. నేను నేల మీద నడుంకు బలం పెట్టాను గానీ, నీళ్ళలో ఆ బలాన్ని ఎప్పుడు వాడాలో దానికి ఎవరూ నేర్పలేదు.

"మళ్ళీ డబ్బా కట్టి మొదట్నుంచి నేర్పుదాం సార్," అన్నాను. "కానీ బెండ్ల మాదిరి ఒక్కొక్కటి తీయడానికి ఇందులో ఏముంది?"

కోచ్ లేచి గట్టు మీద పడున్న ఒక డబ్బా తీసుకున్నాడు. మూత తిప్పి, కాలువలో ముంచాడు. బుడబుడమని కొంచెం నీళ్ళు లోపలికి పోయాయి. పైకెత్తి చూశాడు.

"స్వల్ప స్వల్ప నీళ్ళు పోస్తా వస్తే?"

ఆ మనిషికి అక్కడే దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, మళ్ళీ నెత్తికెక్కుతాడని. తండ్రి తల గోక్కుని, "మీ గ్లాసు సంగతి తెలియల్యా గానీ, ఇది మాత్రం తెలుస్తాంది మేడమ్," అన్నాడు. ఈత మానిపించే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు సబ్బుపొడి వేసి కడిగిన డబ్బా ఆయనే తెచ్చి ఇచ్చాడు.

లక్షలు పోసి కట్టిన కొలనులో, రంగు రంగుల టైల్స్ మధ్య, ఆయిల్ డబ్బా కట్టుకుని ఈదే పిల్లను ఊహించుకోండి. ఆఫీసర్ల ఇళ్ళ నుంచి ఫిర్యాదులు వచ్చాయి. నీళ్ళ మీద నూనె తేలుతోందన్నారు, చూడటానికి బాగాలేదన్నారు. కోచ్ తన మిలిటరీ గొంతు విప్పి ఒక్కసారి అరిచాక మళ్ళీ ఎవరూ అడగలేదు. మొదట ఖాళీ డబ్బా. మొహం నీళ్ళలోనే ఉండాలి, కళ్ళు కొలను అడుగు చూడాలి, డబ్బా నీళ్ళ పైకి కనిపిస్తూ ఉండాలి. అది నిలకడగా వచ్చాక నా స్టీలు గ్లాసుతో కొంచెం నీళ్ళు. రెండు మూడు రోజులు అలాగే ఈదించి, ఇంకొంచెం. నీళ్ళు పోసే పని కోచ్ ఎవరికీ ఇవ్వలేదు. గ్లాసు పట్టుకుని కొలను గట్టున కూర్చుంటే, "ఏం సార్, కాఫీ హోటల్ ఎట్ల నడుస్తాంది?" అని అడిగి నా కసి తీర్చుకున్నాను.

నీళ్ళు పెరిగేకొద్దీ డబ్బా పైకి లాగడం తగ్గింది, ఆ పని నడుం ఎత్తుకుంది. వరండాలో సంపాదించిన బలం ఇప్పుడు అక్కరకొచ్చింది. కొన్ని రోజులు ఒళ్ళు నొప్పులని మూలిగింది, కానీ అవి భుజాల నొప్పులు కావు, పొట్ట చుట్టూ నొప్పులు. నేను లోలోపల పండగ చేసుకున్నాను. డబ్బా నిండా నీళ్ళు నిండిన రోజున అది ఆమెకు ఏ సాయమూ చేయడం లేదు. తాడు విప్పినా తేడా తెలియనే లేదు. మళ్ళీ ట్రయల్ పెడితే రెండో సగంలో ఆమెను ఎవరూ దాటలేదు. ఇంజనీరు గారి అమ్మాయే ముందు చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయికి వెల్లకిలా ఈదే పందెంలో చోటు దొరికింది.

మీకు చెప్పదలుచుకున్నది ఇంతే. పరీక్షలో తప్పు దొరకగానే సగం పని అయిపోయిందనుకుంటాం. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ కాలువ గట్టుదాకా వెళ్ళకపోతే, నేల మీద గ్లాసులు నిలబెట్టుకుంటూ కూర్చోవడమే.

బెంగళూరులో రాష్ట్ర పోటీ రోజు చలి. కొలనులో నీళ్ళు నీలంగా, మాకు కొత్తగా ఉన్నాయి. నగరం పిల్లలు ఒంటికి అతుక్కున్న ఖరీదైన ఈతదుస్తుల్లో, ఒక్కొక్కరికి ఇద్దరేసి సహాయకులతో. మా పిల్ల పొద్దున్నుంచీ నోరు విప్పలేదు. ఇడ్లీ ముందు పెడితే ముట్టుకోలేదు. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. పందెం మీద మనసు పెట్టిందిలే అనుకుని నేనూ కదిలించలేదు. తండ్రి పై మెట్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడి అరిచే కోచ్ ఆరోజు నాతో పాటు గట్టు దగ్గర కింద కూర్చున్నాడు, నడుం కనిపించాలని.

విజిల్ మోగింది. మొదటి సగం అయ్యేసరికి ఆమె మూడో స్థానంలో ఉంది. తొందరపడలేదు. మలుపు తిరిగింది. తల ఎప్పుడు లేస్తుందా అని నేను చూస్తున్నాను. లేవలేదు. పక్క వరసలో నగరం పిల్ల నడుం నెమ్మదిగా దిగబడటం కనిపించింది. ఆఖరి మలుపులో ఒకరిని దాటింది. కోచ్ నా మోచేయి పట్టుకుని నొక్కుతున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు. గట్టు ఇంకాస్త దూరంలో ఉందనగా ఇద్దరూ సమానం. ఒక చెయ్యి ముందు తగిలింది. బోర్డు మీద పేరు పడేదాకా నేను నమ్మలేదు. మొదటి స్థానం మాదే.

నేను ఏడ్చాను. దాచుకోవాల్సిందేముంది. తండ్రి మెట్లన్నీ దిగి వచ్చి, ఏం చేయాలో తెలియక, కోచ్ రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయాడు. మెడల్ మెడలో వేసుకుని పిల్ల మా దగ్గరికి వచ్చేసరికి మా టౌన్‌షిప్ పిల్లలంతా చుట్టూ చేరారు. కోచ్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలనుకున్నాడు, ఆయన పద్ధతి అది.

"పాపా, నీకు గుండె లేదనింటి. తప్పు నాది. భయపడే పిల్ల ఇట్ల ఈదదు."

ఆ పిల్ల తడి జుట్టు మొహం మీది నుంచి తోసుకుంది. పొద్దున్నుంచీ మొదటిసారి నోరు తెరిచి, నెమ్మదిగా అంది.

"అప్పుడు భయం లేకుండె సార్. ఈపొద్దే, శానా భయమైంది."